పుస్తకాల పురుగు: ప్రేమలూ, హత్యలూ

ఈ నెల ఉత్తరాల్లో ముప్పాతిక వంతు రొమాన్స్, థ్రిల్లర్ల మీదే. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాం. హంతకుడెవరో ఎక్కడా బయటపెట్టలేదు, ధైర్యంగా చదువుకోండి.

ప్రశ్న: ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలలు ఈ మధ్యే మొదలుపెట్టాను. యాభై పేజీలు దాటేసరికి ఎవరు ఎవరో కలగాపులగం అయిపోతోంది. చివర్లో గుట్టు విప్పాక ‘ఇంతకీ ఈయనెవరు?’ అని వెనక్కి తిప్పుకోవాల్సి వస్తోంది. ఏం చెయ్యాలి?
– ఎస్. ఎల్., నల్లకుంట

జవాబు: పోస్టుకార్డంత అట్టముక్కను బుక్‌మార్క్‌గా పెట్టుకోండి. కొత్త మనిషి రాగానే మూడే ముక్కలు రాయండి: పేరు, ఎవరికి ఏమవుతారు, మొదట కనిపించిన పేజీ. సగం దాటాక రాయడం ఆపేయొచ్చు. 1929లో ఇంగ్లిష్ రచయిత రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథకు పది నియమాలు పెట్టాడు. నేరస్థుడు కథ తొలి భాగంలోనే కనబడాలన్నది వాటిలో మొదటిది. సరదాకి దాన్ని దాటినవాళ్లు లేకపోలేదు గానీ, సంప్రదాయ రచయితలు ఎక్కువమంది పాటిస్తారు. ఆఖరి వంద పేజీల్లో దిగినవాణ్ని అనుమానించి లాభం లేదు.

అసలు చిక్కు ముద్దుపేర్లతో. మార్గరెట్‌ను పెగ్గీ అంటారు, మెగ్ అంటారు, డెయిజీ అని కూడా అంటారు. రిచర్డ్ అంటే డిక్, విలియం అంటే బిల్, ఎలిజబెత్ అంటే బెట్టీ, బెస్, లిజ్జీ. ఒకే మనిషిని ముగ్గురనుకుంటే కథ ఎలా తలకెక్కుతుంది? పాతకాలపు నవలల్లో ఈ ముద్దుపేరే ఆధారం కావడమూ ఉంది. ఉత్తరంలో ఉన్న పేరు ఆడమనిషిదో మగమనిషిదో తేలకపోతే అక్కడ కాసేపు ఆగండి. జపాన్ థ్రిల్లర్లలో ఇంకో తిరకాసు. వాళ్లకు ఇంటిపేరే ముందు, మనలాగే. ఇంగ్లిష్ అనువాదాలు కొన్ని దాన్ని తిరగేస్తాయి, కొన్ని అలాగే ఉంచుతాయి. మొదటి అధ్యాయంలోనే ఏది పాటించారో చూసుకోండి.

అంతస్తుల లెక్క కూడా చూసుకోవాలి. ఇంగ్లండ్‌లో మనలాగే నేల మీదది గ్రౌండ్ ఫ్లోర్, దాని పైది ఫస్ట్ ఫ్లోర్. అమెరికాలో నేల మీదదే ఫస్ట్ ఫ్లోర్. అమెరికా నవలలో సెకండ్ ఫ్లోర్ కిటికీ నుంచి దూకినవాడు కాలు బెణికి లేచి పోయాడంటే రచయిత కోతలు కోసినట్టు కాదు, వాడు దూకింది మన ఫస్ట్ ఫ్లోర్ నుంచే. తేదీలూ అంతే. అక్కడ 7/8 అంటే జూలై 8.

మన పాఠకులు తరచూ జారిపోయే చోటు మరొకటుంది, వీలునామా. ఇంగ్లండ్‌లో 1837 నాటి చట్టం ప్రకారం పెళ్లి చేసుకుంటే అంతకుముందు రాసిన వీలునామా సాధారణంగా రద్దయిపోతుంది. మన దగ్గర హిందువుల వీలునామాకు ఆ నియమం లేదు. అందుకే ముసలి జమీందారు హఠాత్తుగా నర్సును పెళ్లాడగానే ఇంట్లోవాళ్లంతా ఎందుకు పాలిపోయారో మనకు తట్టదు. ఆస్తి ఎవరికి పోతుందో చూడండి, సగం కథ అక్కడే ఉంటుంది.

ప్రశ్న: అగాథా క్రిస్టీ నవలలు దొరికినవి దొరికినట్టు చదువుతున్నాను. వరుస పాటించాలా? మొన్న కొన్న ఒకటి ఇదివరకు చదివినదే అని తేలింది, పేరు మాత్రం వేరు.
– పి. వి. ఆర్., సైనిక్‌పురి

జవాబు: రెండో సంగతి ముందు. ఆమె నవలల్లో కొన్నింటికి అమెరికాలో పేర్లు మార్చారు. 1934 నాటి ‘మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్’ అక్కడ ‘మర్డర్ ఇన్ ది కాలే కోచ్’గా వచ్చింది. ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’ అక్కడ ‘మర్డర్ ఇన్ రెట్రోస్పెక్ట్’. పాత అమెరికన్ ప్రతులు ఇక్కడి సెకండ్‌హ్యాండ్ బజారుకు చేరుతుంటాయి కాబట్టి, డబ్బిచ్చే ముందు పేరుపేజీ వెనక వైపు చూడండి. రెండో పేరుంటే చాలాసార్లు అక్కడే వేస్తారు.

వరుస విషయానికొస్తే, చాలావాటికి అక్కర్లేదు. ఒక్క పుస్తకంతో మాత్రం జాగ్రత్త. 1937 నాటి ‘డమ్ విట్‌నెస్’లో ఆమె డిటెక్టివ్ పొయిరో మాటల మధ్యలో నాలుగు పాత కేసుల దోషుల పేర్లు చెప్పేస్తాడు. అవి ‘ది మిస్టీరియస్ అఫైర్ ఎట్ స్టైల్స్’ (1920), ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ (1926), ‘ది మిస్టరీ ఆఫ్ ది బ్లూ ట్రైన్’ (1928), ‘డెత్ ఇన్ ది క్లౌడ్స్’ (1935). ఈ నాలుగూ అయ్యాకే దాన్ని ముట్టుకోండి. ముఖ్యంగా ఆక్రాయిడ్ గుట్టు ముందే తెలిసిపోతే ఆ నవలలో మిగిలేది పల్లెటూరి కబుర్లే. 1975లో వచ్చిన ‘కర్టెన్’ను అన్నిటికంటే చివరికి ఉంచుకోండి. అది పొయిరో ఆఖరి కేసు.

ఇప్పటి పోలీసు సిరీస్‌ల సంగతి వేరు. ఇన్‌స్పెక్టర్ విడాకులు, తాగుడు, కూతురితో గొడవ పుస్తకం నుంచి పుస్తకానికి సాగుతాయి. ఐదో భాగంతో మొదలెడితే మొదటి నాలుగింటిలో ఎవరు బతికారో ముందే తెలిసిపోతుంది. మన కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజుల కథలకు ఆ బాధ లేదు, ఏది చేతికొస్తే అది చదివేయొచ్చు.

రొమాన్స్ సిరీస్‌లో సాధారణంగా ఒక్కో పుస్తకం ఒక్కో జంటది. అక్కచెల్లెళ్లో స్నేహితులో వరుసగా ఒక్కొక్కరి కథ నడుస్తుంది. వెనకా ముందూ చదివినా పెద్ద నష్టం లేదు, పెళ్లవుతుందని ఎలాగూ తెలుసు. ఒకే జంట కథను రెండు మూడు భాగాలుగా కోసినవి మాత్రం వేరు. వెనక అట్ట మీద ‘స్టాండలోన్’ (ఆ ఒక్క పుస్తకంలోనే ముగిసే కథ) అన్న మాట లేకపోతే, మిగతా భాగాలు వచ్చాయో లేదో కనుక్కున్నాకే కొనండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. బొమ్మల అట్టలున్న ఇంగ్లిష్ ప్రేమకథలు తెగ చదువుతోంది. అట్ట చూస్తే పిల్లల పుస్తకంలా ఉంది. ఒకటి తిరగేస్తే లోపల పడగ్గది దృశ్యాలు పేజీలకు పేజీలు. ముందే తెలుసుకునే దారి ఉందా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అట్టను నమ్మకండి. ఇప్పుడు పెద్దల రొమాన్స్‌కూ కార్టూన్ బొమ్మలే వేస్తున్నారు. వెనక అట్ట మీది మాటలు చూడండి. ‘యంగ్ అడల్ట్’ అంటే టీనేజీ పిల్లల కోసం రాసింది. ‘న్యూ అడల్ట్’ వినడానికి దగ్గరగానే ఉంటుంది గానీ అందులో పాత్రలు పద్దెనిమిది దాటినవాళ్లు, దృశ్యాలు చాలావాటిలో బాహాటంగానే ఉంటాయి. ‘క్లోజ్‌డ్ డోర్’ అంటే గది తలుపు మూసుకున్నాక కథ బయటే ఆగిపోతుంది. ‘స్పైసీ’, ‘స్టీమీ’ అంటే ఆగదు. ‘డార్క్ రొమాన్స్’ మీద మాత్రం గట్టిగానే చెబుతాం, అపహరణ, బలవంతం లాంటివి అందులో ప్రేమ పేరుతో వస్తాయి. ఇంటర్ పిల్లలకు వద్దు. ‘స్లో బర్న్’ అన్న మాట ఒక్కటీ చూసి నిశ్చింతపడకండి. ప్రేమ నెమ్మదిగా ముదురుతుందని మాత్రమే దానర్థం, చివరికి ఎంత ముదురుతుందో అది చెప్పదు.

షాపులోనే తేల్చుకోవాలంటే ముందు పేజీల్లో రచయిత హెచ్చరిక ఉందేమో చూసి, తరువాత పుస్తకం నడిమి నుంచి మూడో పావు చివరిదాకా అక్కడక్కడా తిప్పండి. అలాంటి దృశ్యాలుంటే ఎక్కువగా ఆ భాగంలోనే ఉంటాయి. మొదటి యాభై పేజీలు చూసి కొంటే మోసపోయేది అందుకే. ఇక ఆ పుస్తకం లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేయకండి, ఫోన్‌లో ఇంతకన్నా ఘాటైనవి దొరుకుతాయి. తను చదివేదే మీరూ ఒకటి చదివి మాట్లాడటం నయం.

ప్రశ్న: ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత తెలుగు డిటెక్టివ్, ప్రేమ నవలలు కొందామనుకుంటున్నాను. పోయినసారి కొన్నదాంట్లో ఆఖరి పేజీలు లేవు. ఏం చూసి కొనాలి?
– కె. ఎం., మలక్‌పేట

జవాబు: డిటెక్టివ్ నవలకు ఆఖరి పేజీలు లేకపోవడం కన్నా పెద్ద నేరం లేదు. పుస్తకాన్ని ఫారాలుగా అచ్చేస్తారు, పాకెట్ సైజుకు సాధారణంగా ఫారానికి 16 పేజీలు. ఊడితే మొత్తం ఫారమే ఊడుతుంది. అందుకని 1, 17, 33, 49 ఇలా పదహారేసి కలుపుకుంటూ ఆ పేజీలున్నాయో లేదో చూసుకుంటూ పోండి. పాత పుస్తకాల్లో ప్రతి ఫారం మొదటి పేజీ అడుగున చిన్న అంకె కూడా వేసేవారు. అవి వరుసలో ఉంటే సరిపోతుంది, రెండు నిమిషాల పని. అద్దె లైబ్రరీ ముద్రలున్న ప్రతులకు ఈ పరీక్ష తప్పనిసరి. చేతులు మారి మారి ముందు ఊడిపోయేవి మొదటి, చివరి ఫారాలే.

తరువాత కాగితం. చవక నవలలు న్యూస్‌ప్రింట్ మీద అచ్చయినవి. ఆ కాగితంలో ఆమ్లం ఉంటుంది, అందుకే ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి పెళుసవుతుంది. పేజీ అంచును వేలితో కాస్త వంచి చూడండి. వంగితే సరే, పెళపెళమంటే వదిలేయండి. మూల మడిచి చూసే పరీక్ష ఇంకా కచ్చితమైనదే గానీ అది ఇంటికొచ్చాక. ముందుకోసారి, వెనక్కోసారి మడిస్తే ముక్క ఊడొచ్చిందా, ఆ పుస్తకం ఒక్కసారి చదవడానికే పనికొస్తుంది. కొనకముందు మడిస్తే అమ్మేవాడు ఊరుకోడు!

ఇప్పటి ఇంగ్లిష్ థ్రిల్లర్లు అక్కడ సగం ధరకన్నా తక్కువకు కొత్తగా మెరుస్తుంటే అవి దొంగ అచ్చులయ్యే అవకాశం ఎక్కువ. అక్షరాలు మసకగా, కొన్ని పేజీలు ఏటవాలుగా, అట్ట పలచగా ఉంటాయి. రచయితకు పైసా రాదు, మధ్యలో ఫారం తిరగబడి ఉన్నా అడిగే దిక్కుండదు.

ఇంటికి తెచ్చినవాటిని నేరుగా అరలో పెట్టొద్దు. వెండిపురుగుకు బైండింగు జిగురంటే మహా ఇష్టం. పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి గాలి నొక్కేసి, ఇంకో కవర్లో పెట్టి, మైనస్ 18 డిగ్రీలుండే డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. తీశాక 24 గంటలు కవరు విప్పకండి. తొందరపడి విప్పితే చల్లటి కాగితం మీద తేమ పట్టి, పురుగు పోయి బూజు వస్తుంది. బూజు ఫ్రీజర్‌కు చావదు. దానికి నీడలో ఫ్యాను గాలి, ఆరుబయట మెత్తటి బ్రష్షు, ముక్కుకు మాస్కు కావాలి. ముక్కిన వాసన పోవాలంటే మూతున్న డబ్బాలో పుస్తకాన్నీ, గిన్నెలో వంటసోడానూ ఒకదానికొకటి తగలకుండా వారం ఉంచండి.

చిరిగినచోట సెల్లోటేపు వద్దు. కొన్నేళ్లకు దాని జిగురు పసుపు మరకగా దిగి, అక్షరాలతో సహా ఊడొస్తుంది. మైదా జిగురు పలచగా రాసి సన్నటి టిష్యూ అంటించండి. బైండింగువాళ్లు ఆ జిగురులో పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లలున్న ఇంట్లో కలపొద్దు.

ప్రశ్న: లైబ్రరీలో థ్రిల్లర్ల అర ఎక్కడుందని అడిగితే అలాంటిది లేదన్నారు. మరెలా వెతకాలి?
– డి. ఎన్., చిక్కడపల్లి

జవాబు: డ్యూయీ పద్ధతిలో సర్దే లైబ్రరీలు భాషను బట్టి, ప్రక్రియను బట్టి అంకెలు వేస్తాయి, హత్యలున్నాయా లేదా అన్నది చూడవు. తెలుగు సాహిత్యం 894.827, అందులో కథలూ నవలలూ 894.8273. బ్రిటిష్ నవలలు 823, అమెరికన్ నవలలు 813. అందుకే ఇద్దరు థ్రిల్లర్ రచయితలు రెండు వేర్వేరు బీరువాల్లో ఉంటారు. రచయిత పేరు రాసుకుని వెళ్లండి.

ప్రశ్న: నాకు రొమాన్స్ ఇష్టం, మా ఆయనకు థ్రిల్లరే కావాలి. ఇద్దరం కలిసి చదివి మాట్లాడుకునే పుస్తకం చెప్పండి.
– జి. ఎస్., మెహదీపట్నం

జవాబు: దాఫ్నీ ద్యూ మోరియే రాసిన ‘రెబెకా’ (1938)తో మొదలుపెట్టండి. కథ చెప్పే అమ్మాయి పేరు పుస్తకమంతటిలో ఎక్కడా రాదు, ఎందుకో ఇద్దరూ వాదించుకోవచ్చు. మొదటి సగం మీకు నచ్చుతుంది, రెండో సగం ఆయనకు. తరువాత మేరీ స్టువర్ట్ ‘నైన్ కోచెస్ వెయిటింగ్’ (1958). కొత్తవాటిలో ‘రొమాంటిక్ సస్పెన్స్’ అని రాసున్నవి వెతకండి గానీ చాలావాటిలో ఏదో ఒకటే గట్టిగా ఉంటుంది. ప్రేమ మీద శ్రద్ధ పెట్టినవాళ్లు హంతకుణ్ని ఆఖరి ఇరవై పేజీల్లో పట్టేస్తారు. ఒకే ప్రతి ఉంటే ముందు చదివేవారు పెన్సిలు గీతలు గీయొద్దు, ఆ గీతే గుట్టు విప్పేస్తుంది.

ప్రశ్న: అమ్మ దాచుకున్న వారపత్రిక సీరియల్ నవలలు ఒక్క బిగిన చదివితే సాగదీసినట్టుంది. అప్పట్లో అందరూ ఎగబడి చదివారంటారు!
– ఆర్. టి., అల్వాల్

జవాబు: వారానికో భాగం చదవడానికి రాసినవి అవి. ప్రతి భాగం చివర ఉత్కంఠగా తెగే ఒక కొస, తరువాతి భాగం మొదట్లో మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు వాక్యాల్లో పాత కథను గుర్తుచేయడం ఉంటాయి. పుస్తకంగా వేసేటప్పుడు వాటిని తీసెయ్యని నవలలు చాలా ఉన్నాయి. రోజుకు రెండు భాగాలకు మించకుండా చదివి చూడండి.

ప్రశ్న: పాత నవలల పీడీఎఫ్‌లు దింపుకోవడం తప్పా? ఆరంగుళాల ఈ-రీడర్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి.
– బి. ఎ., ఉప్పల్

జవాబు: మన చట్టంలో రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. 1930లో పోయిన కోనన్ డోయల్ కథలు ఇక్కడ ఎవరైనా వాడుకోవచ్చు. 1976లో పోయిన క్రిస్టీవి 2036 చివరిదాకా కుదరదు. తెలుగు అనువాదమైతే అనువాదకుల హక్కు వేరే లెక్క. కాలం తీరినవి నిశ్చింతగా దింపుకోండి.

అక్షరాల సంగతికొస్తే, స్కాన్ చేసిన పేజీ నిజానికి ఫొటో. అందుకే ఫాంటు సైజు పెంచే బటన్ దానిమీద పనిచేయదు. ముందు కంప్యూటర్లో నాలుగు పక్కలా తెల్ల అంచులు కత్తిరించండి. తరువాత ఈ-రీడర్‌ను అడ్డంగా తిప్పి, పేజీని పైభాగం, కిందిభాగంగా రెండుసార్లు చదవండి. అంచు మరీ దగ్గరగా కత్తిరిస్తే ఆఖరి వరుస ఒత్తులు తెగిపోతాయి, అడుగున కాస్త జాగా వదలండి.