సౌత్ సూడాన్ వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య దీవించి రాస్తున్నది.

నీ బెటాలియన్‌కి సౌత్ సూడాన్ ఆర్డర్లు వచ్చాయని అక్క ఫోన్‌లో చెప్పింది. "శాంతి దళమే కదరా, యుద్ధం కాదుగా" అని తన ధైర్యం. ఆ ధైర్యం తనకి అలాగే ఉండనీ. నీకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. 1987లో మేం శ్రీలంక వెళ్ళింది కూడా శాంతి దళం పేరు మీదే.

జులై 29న కొలంబోలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మర్నాడే సికింద్రాబాద్ 54వ డివిజన్ వాళ్ళు జాఫ్నా దగ్గరి పలాలి విమానాశ్రయంలో దిగడం మొదలుపెట్టారు. జాఫ్నా జనం దండలేసి పిలుచుకున్నారు. తమిళ ఈలం కోసం పోరాడే ఎల్టీటీఈ వాళ్ళు, అదే టైగర్లు, ఆయుధాలు అప్పగిస్తారు, మనం కాపలా ఉంటాం, అంతే పని అన్నారు. అక్టోబర్ రెండో వారానికల్లా అదే ఊళ్ళో ఆ టైగర్లతోనే వీధివీధినా యుద్ధం. యూనివర్సిటీ మైదానంలో రాత్రిపూట హెలికాప్టర్లలో దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫెంట్రీ ప్లటూన్‌లో 30 మందికి 29 మంది పోయారు, ఒక్కడు పట్టుబడ్డాడు. మన వైర్‌లెస్ మాటలు అవతలివాళ్ళు ముందే విన్నారు. అందుకే ఇంటికి ఫోన్ చేసినా ఎక్కడున్నావో, రేపు ఎటు కదులుతావో చెప్పకు. అమ్మ అడిగినా చెప్పకు.

జాఫ్నాలో ఎటు చూసినా తాటిచెట్లు, తాటాకు దడులు, ఇరుకు సందులు, ఇంటికో బావి. కల్వర్టు కింద మందుపాతర పెట్టి, వైరు దూరంగా దడి వెనక్కి లాక్కుని, మన బండి వచ్చేదాకా ఓపిగ్గా కూర్చునేవాళ్ళు. మట్టి తవ్విన గుర్తు కోసం రోడ్డు చూడ్డం ఎలాగూ నేర్పుతారు. నువ్వు ఊరిని కూడా చూడు. పొద్దున్నే బావి దగ్గర ఆడవాళ్ళు లేరు, వీధిలో పిల్లలు లేరు, కొట్టు తలుపు తీయలేదు అంటే ఆగిపో. ఊరికి తెలిసింది నీకింకా తెలియలేదన్నమాట. వెళ్ళిన దారినే తిరిగి రాకు, ఎంత చుట్టు తిరగాల్సి వచ్చినా సరే. 2013 ఏప్రిల్‌లో సౌత్ సూడాన్‌లో గుమురుక్ దగ్గర కాన్వాయ్ మీద అంబుష్ చేసి మనవాళ్ళని ఐదుగుర్ని చంపారు.

మాది మద్రాస్ రెజిమెంట్, అరవం వచ్చు కాబట్టి మాకు కొంత నయం. నీళ్ళు తోడుకోవాలన్నా ఇంటివాళ్ళని అడిగి తోడుకునేవాళ్ళం. ఒకసారి అలా అడిగినప్పుడు ఓ ముసలావిడ చేద అందిస్తూ, మేం వెళ్ళబోయే సందు వైపు చూసి తల అడ్డంగా ఊపింది. మేం ఆ సందులోకి వెళ్ళలేదు. సౌత్ సూడాన్‌లో నీకు ఇంటర్‌ప్రెటరే దిక్కు. అక్కడ తగువుపడే రెండు తెగల్లో అతను డింకానా, నూయెరా, ఎవరి తాలూకు మనిషి అన్నది ముందే కనుక్కో. ఒక్కడి మాట మీద ఏ ఇంటి తలుపూ కొట్టకు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇది. మందుపాతర పేలాక మొదటి పది నిమిషాలు నీ కుర్రాళ్ళని కనిపెట్టుకుని ఉండు. పొద్దున టీ తాగిన మనిషి ముక్కలై పడి ఉంటాడు. కాల్చినవాడు కనపడడు, కనపడేది పక్కింట్లో వణుకుతున్న ముసలాయనే. చేతిలో లోడ్ చేసిన తుపాకి. అవతలివాడికి కావలసింది సరిగ్గా ఆ కోపమే. నీవాడొకడు గీత దాటితే ఆ ఊరి నుంచి వాడికి పదిమంది కుర్రాళ్ళు దొరుకుతారు. 1987 అక్టోబర్ 21న జాఫ్నా ఆస్పత్రిలో మన సైన్యం కాల్పుల్లో డాక్టర్లు, నర్సులు, రోగులు 60 మందికి పైగా పోయారు. లోపలి నుంచి టైగర్లు కాల్చారని మన సైన్యం చెప్పింది. ఆ ఊరు మాత్రం ఇప్పటికీ ఏటా ఆ రోజున వాళ్ళకి దీపాలు పెడుతోంది. అందుకే పేలుడు కాగానే ప్రతివాడికీ ఒక పని చెప్పు. ఒకడు గాయపడ్డవాడి దగ్గర, ఒకడు వైర్‌లెస్ సెట్టు మీద, మిగతావాళ్ళు చుట్టూ కాపలా. ఖాళీగా ఎవర్నీ నిలబడనీకు. నీ గొంతు పెరగకుండా చూసుకో, నీ గొంతుని బట్టే వాళ్ళుంటారు.

కాల్పుల రూల్స్ కంఠతా పట్టు. అదే 2013 డిసెంబర్‌లో అకోబోలోని ఐక్యరాజ్యసమితి బేస్‌లో తలదాచుకున్న జనాన్ని చంపాలని వేల మంది సాయుధులు మీదకొచ్చారు. మనవాళ్ళు ఇద్దరు ప్రాణాలిచ్చారు. అలాంటి వేళ పుస్తకం తిరగేసే టైముండదు.

మెప్పు వస్తుందని మాత్రం వెళ్ళకు. శ్రీలంకలో మనవాళ్ళు 1,100 మందికి పైగా చనిపోయారు. 1989లో శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస ప్రభుత్వం మమ్మల్ని పొమ్మనడమే కాదు, మన మీద పోరాడుతున్న టైగర్లకే ఆయుధాలిచ్చింది. 1990 మార్చిలో ఆఖరి దళం మద్రాసు రేవులో దిగితే స్వాగతానికి ముఖ్యమంత్రి రాలేదు. పంపినవాళ్ళ మనసు ఎప్పుడైనా మారొచ్చు. నీ కుర్రాళ్ళకి ఏ రోజు పని ఆ రోజు, అది ఎందుకో కూడా చెప్పి పంపు. నాకు తెలిసి వాళ్ళని నిలబెట్టేది అదే.

దోమతెర లేకుండా పడుకోకు, మలేరియా మాత్ర మానకు. బయల్దేరే లోపు నామినేషన్ కాగితాలు, బ్యాంకు జాయింట్ అకౌంటు సరిచేసి, ఏది ఎక్కడుందో నీ భార్యని దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు. తను ఏడుస్తుందని వాయిదా వేయకు.

ఇట్లు,
మావయ్య