పాపకి నీళ్లు పట్టొచ్చా? బాబుకి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా పాపకి నాలుగో నెల. ఎండలు ఏటికేడు ముదిరిపోతున్నాయి, మధ్యమధ్యలో నీళ్లు పట్టమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. పట్టొచ్చా? పెద్దబాబుకి పదిహేనేళ్లు. భూమి వేడెక్కిపోతోందన్న వార్తలు చూసి చూసి, ‘ఇక చదివి మాత్రం ఏం లాభం’ అంటున్నాడు. వాడికేం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాప సంగతి. ఆరు నెలలు నిండేదాకా నీళ్లు వద్దమ్మా, ఎంత ఎండాకాలమైనా సరే. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే, అందుకని ఇంకాస్త తరచుగా పాలివ్వండి, మీరు నీళ్లు బాగా తాగండి. డబ్బాపాలు పడుతుంటే మాత్రం డాక్టర్ని అడగండి. పసిపిల్లలకి మనంత చెమట పట్టదు, ఒంటి బరువుతో చూస్తే చర్మం ఎక్కువ, దాంతో బయటి వేడి ఇట్టే ఒంట్లోకి ఎక్కేస్తుంది, పైగా దాహమేస్తోందని నోరు తెరిచి చెప్పలేరు కదా. అందుకే మనమే కనిపెట్టుకుని ఉండాలి. డైపర్ రోజూకన్నా తక్కువసార్లు తడుస్తోందా, పెదాలు ఎండాయా, మాడు గుంటపడిందా చూడండి. పాలు తాగకుండా మత్తుగా పడి ఉంటే ఆలోచించకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎండ తగలకుండా స్ట్రోలర్ మీద దుప్పటి కప్పేస్తుంటారు, అది అస్సలు చేయొద్దు, లోపల గాలాడక వేడి ఇంకా పెరుగుతుంది. ఆపి ఉంచిన కారులో పిల్లల్ని ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

ఇక బాబు. వాడి భయం ఉత్తిది కాదు, వాడొక్కడిదీ కాదు. 2021లో వచ్చిన ఒక సర్వేలో, 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్లలోపు 10,000 మందిని అడిగితే 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి తీవ్రంగా ఆందోళన పడుతున్నామన్నారు. ‘ఏం కాదులే, చదువుకో పో’ అంటే వాడు మీతో చెప్పడం మానేస్తాడు, భయం మాత్రం పోదు. అమెరికాలోని మోంటానాలో 16 మంది పిల్లలు, కుర్రాళ్లు వాతావరణ మార్పు విషయంలో తమ రాష్ట్ర ప్రభుత్వం మీద కేసు వేసి 2023లో గెలిచారు, విచారణ నాటికి అందరిలోకీ చిన్నవాడికి ఐదేళ్లే. 2024 డిసెంబర్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది. ఈ కబురు వాడికి చెప్పండి. కానీ లోకాన్ని నువ్వే కాపాడాలన్నట్టు చెప్పకండి, ఆ బరువు మోయాల్సింది పెద్దవాళ్లు, ప్రభుత్వాలు. మండే ఎండలో ఆటలు పెట్టొద్దని స్కూల్‌ని అడగడానికి వెళ్లేటప్పుడు వాడిని వెంటబెట్టుకుని వెళ్లండి, మీరు మాట్లాడుతుంటే వాడు చూడాలి. నిద్ర, తిండి దెబ్బతింటే కౌన్సెలర్‌కి చూపించండి. ఈ రాత్రికి మాత్రం ఫోన్లు పక్కన పెట్టి, ‘ఏ వార్త చూసి అంత భయమేసిందిరా?’ అని అడిగి, వాడు చెప్పినంతసేపూ వినండి.