కొరియాకు కొత్తగా వచ్చారా? బిబింబాప్ ఇంట్లోనే చేసుకోండి

ఉద్యోగం మీదో చదువు మీదో సియోల్‌కో, సువాన్‌కో, దేజాన్‌కో వచ్చిన మనవాళ్ళు మొదటి నెలలోనే అడిగే సందేహం ఒకటుంది. "అక్కా, ఇక్కడి తిండిలో మనం తినగలిగేది ఏమైనా ఉందా?" ఉంది, బిబింబాప్. కానీ ముందు హోటల్లో కాదు, మీ ఇంట్లో చేసుకుని తినండి. వేడి అన్నం మీద నాలుగైదు రకాల కూరగాయలు విడివిడిగా సర్ది, మధ్యలో గోచుజాంగ్ అనే ఎర్రటి మిరప ముద్ద వేసి, చెంచాతో అడుగు నుంచి కలుపుకుని తినే అన్నం ఇది. ఇంట్లో చేసుకుంటే మాంసం, గుడ్డు, వెల్లుల్లి ఏది వేయాలో ఏది మానాలో మీ ఇష్టం. హోటల్లో ఆ వీలు సగమే ఉంటుంది. ఎందుకో కింద చెబుతాను.

ముందు బియ్యం. సియోల్‌లోని ఇటేవాన్ పేటలో ఉన్న ఇండియన్ కొట్లలో మనకు అలవాటైన సన్నబియ్యం, బాస్మతి దొరుకుతాయి. చారుకూ పులిహోరకూ వాటినే వాడుకోండి, బిబింబాప్‌కు మాత్రం వద్దు. అన్నం పొడిపొడిగా ఉంటే గోచుజాంగ్ సమంగా పట్టదు, చెంచాలో కూర ఒకవైపు, మెతుకులు ఒకవైపు అవుతాయి. కొరియావాళ్ళు రోజూ తినే పొట్టి గింజ బియ్యమే కావాలి. సంచి మీద "బేక్‌మి" అని ఉంటే తెల్లబియ్యం, "హ్యొన్‌మి" అంటే ముడిబియ్యం, "చాప్‌సల్" అంటే జిగురు బియ్యం. చాప్‌సల్ కొనుక్కొచ్చి, కొరియా బియ్యమంటేనే ముద్ద అని పక్కన పెట్టేసినవాళ్ళు నాకు తెలుసు. గింజను చూసినా తేడా తెలుస్తుంది. మామూలు బియ్యం కాస్త నిగనిగలాడుతూ వెలుతురు కనిపించేలా ఉంటుంది, జిగురు బియ్యం పూర్తిగా తెల్లగా, మసకగా ఉంటుంది. సంచి మీద మర పట్టిన తేదీ కూడా వేస్తారు. మన దగ్గర పాత బియ్యానికి విలువ, ఇక్కడ కొత్తగా మర పట్టినదానికే రుచి. అందుకే 4 కిలోల సంచి కొనుక్కోండి, 20 కిలోలది చవకని తెచ్చుకోకండి.

బియ్యాన్ని మూడు నాలుగు నీళ్ళతో కడిగి 30 నిమిషాలు నాననివ్వండి. నానాక నీళ్ళు పూర్తిగా వంపేసి, కొలిచిన బియ్యానికి సమానంగా నీళ్ళు పోస్తే చాలు, మహా అయితే రెండు చెంచాలు ఎక్కువ. ఇంటి దగ్గరలా ఒకటికి రెండు పోస్తే గుజ్జవుతుంది. ఉడికాక మూత తీయకుండా 10 నిమిషాలు ఉంచి, తడి గరిటెతో అడుగు నుంచి తిరగేయండి. ఆవిరి బయటికి పోయి మెతుకులు కాస్త విడతాయి. బిబింబాప్‌కు ఆ పదును ముఖ్యం. మీరు అద్దెకు తీసుకున్న గదిలో కుకూ లాంటి ప్రెషర్ రైస్ కుక్కర్ ఉంటే లోపలి గిన్నె మీద గీతలుంటాయి. ఆ గీత కంటే కొంచెం తక్కువే పోయండి.

ఇక పైన వేసే కూరలు. వీటిని నాముల్ అంటారు. ఒక్కో కూరను విడిగా వండి, విడిగా ఉప్పు వేసుకోవడమే ఈ వంటకు ప్రాణం. టైము లేదని అన్నీ ఒకే మూకుడులో వేయిస్తే అది ఫ్రైడ్ రైస్ కూర అవుతుంది, బిబింబాప్ కాదు. పాలకూరను ఉప్పు వేసిన మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి తీసి, చన్నీళ్ళలో కడిగి, గట్టిగా పిండి, ఉప్పు, చిదిమిన వెల్లుల్లి, వేయించిన నువ్వులు కలపండి. క్యారెట్‌ను సన్నగా నిలువుగా తరిగి చుక్క నూనెలో రెండు నిమిషాలు తిప్పండి. ఎహోబాక్ అనే లేత పచ్చ గుమ్మడికి ముందే ఉప్పు రాసి, ఊరిన నీరు పిండేసి వేయించాలి, లేకపోతే అన్నం తడిసిపోతుంది. పుట్టగొడుగులకు సోయా సాస్ చాలు.

మొలకల దగ్గర జాగ్రత్త. పసుపు తలకాయలున్నవి కోంగ్‌నాముల్, అంటే సోయా మొలకలు. చిన్న తలలతో సన్నగా తెల్లగా ఉన్నవి సుక్జు, మన పెసల మొలకలే పొడుగ్గా పెరిగినవి. బిబింబాప్‌లో సాధారణంగా కోంగ్‌నాముల్ వేస్తారు. ఉడికించేటప్పుడు మొదటి నుంచీ మూత పెట్టి ఉంచండి, లేదా మొదటి నుంచీ తీసి ఉంచండి. మధ్యలో తెరిస్తే పచ్చి గింజ వాసన వస్తుందని ఇక్కడి అమ్మమ్మలు గట్టిగా చెబుతారు, అది నిజమే. గోసారి అనే అడవి ఫెర్న్ కాడలు ఉడికించినవి ప్యాకెట్లలో దొరుకుతాయి, అవే కొనండి. వసంతంలో కొండల మీద కనిపించాయని కోసుకురాకండి. సరిగ్గా ఉడికించి నానబెట్టని గోసారిలో విషపదార్థం ఉంటుంది.

ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు పెట్టాలని చెయ్యి లాగుతుంది. దయచేసి పెట్టకండి. ఇక్కడ పోపు పని చేసేది చామ్‌గిరుమ్, అంటే వేయించిన నువ్వుల నుంచి తీసిన నూనె. పొయ్యి ఆపాక ఒక చెంచా కలిపితే చాలు. మన గానుగ నూనె పచ్చి నువ్వులది, దానితో ఈ వాసన రాదు.

గోచుజాంగ్‌ను మార్టులో ఎర్ర డబ్బాలో అమ్ముతారు. గోధుమ రంగు డబ్బాలో ఉండేది దెన్‌జాంగ్, అంటే పులియబెట్టిన సోయా ముద్ద. పచ్చ డబ్బాలో ఉండేది సామ్‌జాంగ్, ఆ రెండూ కలిపి చేసిన ముద్ద. గోచుజాంగ్‌లో మిరపపొడి, పులియబెట్టిన సోయా, బియ్యం లేదా గోధుమ పిండి, ఉప్పు ఉంటాయి, అందుకే కారంతో పాటు తీపీ తగులుతుంది. రెండు చెంచాల గోచుజాంగ్‌కు ఒక చెంచా చామ్‌గిరుమ్, ఒక చెంచా నీళ్ళు, అర చెంచా పంచదార, నాలుగు చుక్కల వెనిగర్ కలుపుకోండి. కారం చాలలేదని గుంటూరు కారం వేస్తే మిగతా రుచులన్నీ మునిగిపోతాయి. చొంగ్యాంగ్ అనే పచ్చిమిర్చి ఒకటి సన్నగా తరిగి కలపండి, మన నాలుకకు సరిపోతుంది. పిల్లలకు గోచుజాంగ్ మానేసి సోయా సాస్, చామ్‌గిరుమ్‌తో కలిపి పెట్టొచ్చు. ఆందోంగ్ ఊళ్ళో హొత్‌జేసాబాప్ అని సోయా సాస్‌తోనే కలుపుకుని తినే అన్నం ఉంది, కాబట్టి అది మనం కల్పించిన పద్ధతేమీ కాదు.

శాకాహారులూ, గొడ్డుమాంసం తిననివాళ్ళూ ఈ మాట శ్రద్ధగా చదవండి. "బొక్కుమ్ గోచుజాంగ్", అంటే వేయించిన గోచుజాంగ్, అని ఉన్న డబ్బాల్లో చాలావాటిలో గొడ్డుమాంసం కలిసి ఉంటుంది. మామూలుగా దొరికే దాషిదా అనే రుచి పొడిలో గొడ్డుమాంసం ఉంటుంది, తయారుగా అమ్మే నాముల్‌లో ఇలాంటివి వేసే అవకాశం ఉంది. కిమ్చీలో మామూలుగా రొయ్యల ఉప్పు, చేపల సాస్ ఉంటాయి. ప్యాకెట్ మీద అలర్జీ పదార్థాలను విడిగా ముద్రిస్తారు, గొడ్డు, పంది, కోడి, రొయ్య కలిసి ఉంటే వాటి పేర్లు అందులో తప్పక ఉంటాయి. నెత్తళ్ళు మాత్రం ఆ జాబితాలో లేవు. అందుకని మొత్తం పదార్థాల జాబితాను పాపగో అనే అనువాద యాప్‌తో ఫొటో తీసి చదవండి. "మ్యొల్చి" అంటే నెత్తళ్ళు, "ఎక్‌జొత్" అంటే చేపల సాస్.

గుడ్డు తినేవాళ్ళు ఒకవైపే వేయించి పైన పెట్టుకోండి, తిననివాళ్ళు తోఫు ముక్కలు దోరగా వేయించుకోండి. అడుగున కరకరలాడే పొర కావాలంటే రాతిగిన్నె కొనే ముందు మీ పొయ్యి చూసుకోండి. చాలా గదుల్లో ఇండక్షన్ ఉంటుంది, దాని మీద రాతిగిన్నె వేడెక్కదు. పోత ఇనుప మూకుడు పని చేస్తుంది. చామ్‌గిరుమ్ రాసి, అన్నం పరిచి, కూరలు సర్ది, చిటపట శబ్దం వచ్చాక మరో రెండు నిమిషాలు ఉంచండి. కింద మాడులా పట్టిన పొరను నురుంజి అంటారు, ఇక్కడివాళ్ళకు అది ఎంతో ఇష్టం.

బయట తినాల్సి వస్తే "గోగి ప్పేగో జుసెయో" అనండి, మాంసం లేకుండా ఇమ్మని. ఆ మాట పైన వేసే మాంసానికే పనికొస్తుంది, అన్నం ఏ నీళ్ళలో వండారో చెప్పదు. ఆహార నగరంగా 2012లో యునెస్కో గుర్తింపు పొందిన జొంజు నగరపు బిబింబాప్‌కు పేరెక్కువ. దాని మీద పెసలతో చేసిన పసుపు జెల్లీ ముక్కలు కూడా వేస్తారు. కానీ అక్కడి పాత పద్ధతిలో అన్నాన్ని గొడ్డు ఎముకల రసంలో వండుతారు, పైన పచ్చి మాంసం పెడతారు. శాకాహారులు గుళ్ళ దగ్గర అమ్మే సాన్‌చే బిబింబాప్, అంటే కొండ ఆకుకూరలతో చేసేది, వెతుక్కోవడం మేలు. బౌద్ధ ఆలయ వంటలో మాంసంతో పాటు వెల్లుల్లి, ఉల్లికాడల వంటి అయిదు ఘాటు దినుసులు కూడా నిషిద్ధం, ఆ అయిదింటిలో మన ఇంగువ ఒకటి. అయితే గుడి బయటి హోటళ్ళు ఆ నియమం అంతా పాటించాలని లేదు, అన్నం, పక్కన ఇచ్చే సూప్ దేనితో చేశారో అడిగాకే ఆర్డర్ ఇవ్వండి.