డెంగీ తగ్గి ఏడాదైనా వదలని అలసట: ముందు ముందు ఎలా ఉంటుంది?

హన్మకొండలో ఉండే మీ చెల్లెలికి 24 ఏళ్లని, డెంగీ తగ్గి ఏడాదైనా కోలుకోలేదని, డాక్టరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (సీఎఫ్‌ఎస్, విశ్రాంతి తీసుకున్నా నెలల తరబడి తగ్గని అలసట జబ్బు) అన్నారని రాశారు. జీవితాంతం ఇంతేనా అని మీ ప్రశ్న.

మెరుగుపడేవాళ్లు చాలామందే ఉంటారు, మునుపటిలా పూర్తిగా అయ్యేవాళ్లు మాత్రం తక్కువ. పాత అధ్యయనాలను కలిపి చూసిన 2005 నాటి సమీక్షలో పూర్తిగా కోలుకున్నవాళ్లు 5 శాతం, ఎంతో కొంత మెరుగైనవాళ్లు దాదాపు 40 శాతంగా తేలారు. అయితే ఆ 5 శాతం అధ్యయనాన్ని బట్టి సున్నా నుంచి 31 దాకా మారింది. అందుకే ఏ ఒక్క అంకెనూ మీ చెల్లెలికి అంటగట్టకండి. పిల్లలకు, టీనేజీ వాళ్లకు అవకాశాలు ఇంకా మెరుగు.

ముందు ఒకటి ఖాయం చేసుకోండి. సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, షుగర్, క్రియాటినిన్ (కిడ్నీ), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు), లివర్ పరీక్షలు అయ్యాయా? రక్తహీనత, థైరాయిడ్ ఇలాగే కనబడతాయి, వాటికి మందుంది. సీఎఫ్‌ఎస్‌కు అసలు గుర్తు వేరే: పని చేసినప్పుడు బాగానే ఉండి, మర్నాడో ఆ మర్నాడో కూలబడిపోవడం. సద్దుల బతుకమ్మ రోజు ఆడొచ్చు, దెబ్బ మాత్రం రెండో రోజు తెలుస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు కారణాన్ని పట్టుకోలేరు.

మన దగ్గర ఎక్కువ చేటు చేసేది మంచి మనసుతో ఇచ్చే సలహానే. ‘పండుకుంటే పానం ఇంకింత మొద్దువారుతది, లేచి నాలుగడుగులెయ్యి’ అంటారు. ఈ జబ్బుకు రోజూ కొంచెం కొంచెం వ్యాయామం పెంచే పద్ధతిని, బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో వద్దనేసింది. సెలైన్లు, బలం ఇంజెక్షన్లకు డబ్బు పోయడం కూడా దండగే.

చేయాల్సింది ఇది. రెండు వారాలు నోటుబుక్కులో రాయండి: ఏ పని, ఎన్ని నిమిషాలు, మర్నాడు ఎలా ఉంది. స్నానం, ఫోన్ మాట్లాడటం, చుట్టాలు రావడం కూడా పనులే. కూలబడకుండా ఎంత చేయగలుగుతోందో తేలాక, దానికంటే కొంచెం తక్కువ దగ్గరే ఆపాలి. అలసిపోయాక విశ్రాంతి కాదు, అలసిపోకముందే. ఒంట్లో బాగున్న రోజున బట్టలన్నీ ఉతికేయడమే అందరూ చేసే తప్పు. పల్స్ ఆక్సీమీటర్ ఉంటే పొద్దున మంచం దిగకముందు నాడి చూడండి. పని చేసేటప్పుడు నాడి దానికి 15 కలిపిన అంకె దాటితే కూర్చోమనండి. ఇది మోటు లెక్కే, కానీ పనికొస్తుంది.

నిలబడితే తల తిరుగుతుంటే పది నిమిషాల పరీక్ష చేయండి. పది నిమిషాలు పడుకోబెట్టి నాడి రాసుకుని, ఆ తర్వాత గోడకు భుజాలు ఆనించి నిలబెట్టి నిమిషం నిమిషం చూడండి. పక్కన మనిషి ఉండాలి, తూలితే వెంటనే ఆపాలి. నాడి 30 పెరిగి అలాగే ఉంటే ఆ కాగితం డాక్టరుకు చూపించండి. నిలబడితే నాడి పెరిగే ఈ ఇబ్బందికి ఉప్పు, నీళ్లు, బిగుతు సాక్సులు, మందులు ఉన్నాయి, మార్పు కొంత తొందరగానే కనబడుతుంది. బీపీ, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం అడగకుండా ఉప్పు పెంచొద్దు. వంటగదిలో ఎత్తు స్టూలు, స్నానానికి పీట పెట్టండి. మే నెల వరంగల్ ఎండకు ఈ ఇబ్బంది ఇంకా పెరుగుతుంది కాబట్టి ఆస్పత్రి పనులు పొద్దున్నే ముగించుకోండి.

ఉద్యోగం పూర్తిగా మానేయకముందు సగం రోజు, ఇంటి నుంచి పని అడిగి చూడండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఈ జబ్బు పేరు లేదు, సర్టిఫికెట్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. జబ్బు సంగతి దాచి పెళ్లి సంబంధం చేయకండి. కొత్త ఇంట్లో మొదటి నెలలోనే బయటపడుతుంది, అప్పుడు పని తగ్గించమని అడిగే దారి కూడా ఉండదు.

నెల నెలా ఎన్నిసార్లు కూలబడిందో లెక్కపెట్టండి. అది తగ్గుతుంటే దారి సరైనదే. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు మొదలైతే మాత్రం సీఎఫ్‌ఎస్ అనుకుని ఊరుకోకుండా టీబీ పరీక్ష చేయించండి.