నత్రజని సరిపోదా, హీలియం ఎందుకు?

మీరు అడిగినవి రెండు: అయస్కాంత బలంతో గాలిలో తేలుతూ పరుగెత్తే మాగ్లెవ్ రైలు అయస్కాంతాలకు చవకగా దొరికే ద్రవ నత్రజని సరిపోదా, పరుగెత్తే రైల్లో ఆ ద్రవం ఇగిరిపోదా అని. రెండోది నేను నలుగురిలో నవ్వులపాలై నేర్చుకున్న పాఠం కనుక ముందు అదే చెబుతాను.

అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పేవాణ్ని. బాగా చల్లబరిస్తే అతివాహకంగా మారే, అంటే కరెంటుకు నిరోధమే లేకుండా పోయే, ఇట్రియం బేరియం కాపర్ ఆక్సైడ్ బిళ్ళ మీద అయస్కాంతాన్ని తేల్చి చూపించాలని సరదా పుట్టింది. కోనసీమలో ద్రవ నత్రజని ఉండేది పశువుల ఆసుపత్రిలో. గేదెల కృత్రిమ గర్భధారణకు వాడే వీర్యపు స్ట్రాలను అందులోనే నిలవ ఉంచుతారు. ప్రయోగశాలలో మూలన పడి ఉన్న పాత క్యాను తీసుకెళ్ళి సాయంత్రం మూడు లీటర్లు పోయించుకొచ్చాను. పొద్దున పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి మూత తీస్తే అడుగున చుక్క లేదు. ఆసుపత్రి అటెండరు క్యాను పొట్ట తడిమి, "మళ్ళీ పోస్తే దీనికి చెమట పడుతుంది చూడండి మాస్టారూ, గోడల మధ్య శూన్యంలోకి గాలి దూరింది. ఇక నీళ్ళ బిందెగా వాడుకోండి" అన్నాడు.

రైల్లోనూ అసలు పోరాటం ఆ చెమటతోనే, అంటే బయటి నుంచి చొరబడే వేడితోనే. అతివాహక తీగచుట్టలో ఒకసారి ఎక్కించిన కరెంటు నిరోధం లేకుండా తిరుగుతూనే ఉంటుంది, దానివల్ల వేడి పుట్టదు. బయటి వేడినే ఆపాలి. అందుకే జపాన్ రైల్లో చుట్టను ద్రవ హీలియం పాత్రలో ఉంచి, దాని చుట్టూ నత్రజనితో చల్లబరిచిన కవచం, శూన్యం, ఆపైన బయటి పాత్ర పెట్టారు. చిక్కు ఎక్కడంటే, రైలు బరువును మోసేది ఆ చల్లని చుట్టే. అంటే దాన్ని వెచ్చని బోగీకి ఏదో ఒక ఆధారంతో బిగించాలి. ఆధారం లావైతే దాని వెంటే వేడి లోపలికి పాకుతుంది, సన్నమైతే విరుగుతుంది. వేడిని అంతగా ప్రసరింపనివ్వని, నారతో బలపరిచిన ప్లాస్టిక్కులు అక్కడ పనికొస్తాయి. పరుగులో కంపనాల వల్ల పుట్టే వేడి దీనికి అదనం. ఇగిరిన హీలియాన్ని రైల్లోని శీతల యంత్రమే మళ్ళీ ద్రవంగా మారుస్తుంది. లేకపోతే కుదరదు: ఒక్క వాట్ వేడి చొరబడితే గంటకు 1.4 లీటర్ల హీలియం పోతుంది. నత్రజని అయితే పాతిక మిల్లీలీటర్లు కూడా పోదు.

మరి నత్రజనే వాడొచ్చు కదా? ఆ చుట్టలు నియోబియం టైటానియం తీగవి. అది సుమారు మైనస్ 264 డిగ్రీల దగ్గర గాని అతివాహకం కాదు. నత్రజని మరిగేది మైనస్ 196 దగ్గర. నా బిళ్ళ ఆ చలికే లొంగుతుంది కానీ అది పింగాణీ జాతి, పెళుసు. మైళ్ళ కొద్దీ తీగ తీయడం లోహమంత సులువు కాదు. పైగా బలమైన అయస్కాంత క్షేత్రంలో, నత్రజని చలి దగ్గర, అది మోయగల కరెంటు బాగా పడిపోతుంది. బిస్మత్ కలిసిన అతివాహక తీగలతో చేసిన అయస్కాంతాన్ని 2005లో జపాన్‌లోని యమనాషి పరీక్షా మార్గంలో పరీక్షించారు. హీలియం ద్రవం అక్కర్లేకపోయినా, దాన్నీ మైనస్ 253 దాకా చల్లబరచాల్సి వచ్చింది. 2015లో అదే మార్గంలో గంటకు 603 కిలోమీటర్లు అందుకున్నది మాత్రం పాత హీలియం పద్ధతే.

రెండోసారి ఆసుపత్రి క్యానే అరువు తెచ్చుకున్నాను. నత్రజని పోయగానే బిళ్ళ, కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు, చిటపటలాడింది. ఆ చప్పుడు ఒక్కసారి పెరిగి ఆగిపోయిందంటే బిళ్ళ చల్లబడినట్టే. అయస్కాంతం తేలింది. జపాన్ రైలు మాత్రం ఇలా నిలబడిన చోట తేలదు. అది కదిలితేనే మార్గం పక్కగోడల్లో అమర్చిన తీగచుట్టల్లో కరెంటు పుడుతుంది, సుమారు 150 కిలోమీటర్ల వేగం దాకా చక్రాల మీదే పోవాలి.

మీరూ చేసి చూస్తానంటే కిటికీలు తెరవండి, క్యాను మూత బిగించకండి. అయ్యాక బిళ్ళ మీద పేరుకున్న మంచు కరిగి నీరు లోపలికి ఇంకకుండా వెంటనే ఆరబెట్టండి. మా మొదటి బిళ్ళ వానాకాలంలో అలాగే పాడై, ఇప్పుడు కాగితాలు ఎగరకుండా బల్ల మీద కూర్చుంది.