బడి కోసం ఇల్లు మారతారా? అదీ అప్పు చేసి!

మార్కాపురం నుంచి ఒక సోదరి రాశారు. వాళ్లాయన ఎలక్ట్రీషియన్, ఈవిడ ఇంట్లోనే మిషన్ కుడతారు. జూన్‌లో బాబు మూడో తరగతికి, పాప ఒకటో తరగతికి వస్తారు. ఇంటి దగ్గరి సర్కారు బడిలో ఐదు తరగతులకూ ఇద్దరే టీచర్లు. ఊరికి అటు చివర ఉన్న ఆదర్శ ప్రాథమిక పాఠశాలలో (అదీ సర్కారుదే) తరగతికొకరు. అక్కడ ఇంటద్దె నెలకు 3,000 ఎక్కువ, పైగా అడ్వాన్సు. అందుకని గొలుసు తాకట్టు పెట్టి 40,000, లోన్ యాప్‌లో 20,000 తెచ్చి, బడికెళ్లే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బు పడగానే కట్టేస్తారట. ఇంటి ఖర్చు నెలకు 16,000. చేతిలో ఉన్నది 11,000.

అమ్మా, బడుల్ని మీరు చూసిన తీరు నాకు నచ్చింది. పుస్తకాలు, బూట్లు, మధ్యాహ్న భోజనం రెండు చోట్లా ఒకటే. తేడా టీచర్ల దగ్గరే. ఒకటి, రెండు, మూడు తరగతుల పిల్లలు ఒకే గదిలో కూర్చుంటే పాప పలక దిద్దేదెవరు? పిల్లల్ని రెండో బడిలోనే వేయండి.

ఇల్లు మాత్రం మారకండి. టీచర్లకు బదిలీలుంటాయి, 2025 వేసవిలో రాష్ట్రమంతా జరిగాయి కూడా. ఈ ఏడాది ఉన్న ఐదుగురు పైఏడు ముగ్గురైతే మళ్లీ సామాను సర్దుతారా? అద్దె తేడానే ఏడాదికి 36,000. షేర్ ఆటోకు ఇద్దరికీ కలిపి నెలకు 1,600 అనుకున్నా, పది నెలలకు 16,000. మిగిలే 20,000 మీదే.

ఇక ఆ యాప్! 20,000 అడిగితే ఫీజులు కోసుకుని చేతికిచ్చేది తక్కువ, కట్టాల్సింది మాత్రం మొత్తానికీ. వాయిదా దాటితే మీ ఫోన్లో ఉన్న చుట్టాలందరికీ ఫోన్లు చేసే యాప్‌లూ ఉన్నాయి. ఎన్నిసార్లు చెప్పినా ఈ యాప్ ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి, విసుగొస్తోంది. పథకం డబ్బును వాయిదాకు లెక్కేసుకోవడం ఇంకో తప్పు. హాజరు 75 శాతం కన్నా తగ్గినా, ఖాతాకు ఆధార్ లింకు తెగినా ఒక్కో బిడ్డకు వచ్చే ఆ 13,000 ఆగుతుంది. యాప్ వాడు ఆగడు.

అసలు నా భయం వేరే. మీ 11,000 మూడు వారాల ఖర్చుకు కూడా రాదు. ఆయన నిచ్చెన మీంచి జారి కాలు విరిగితే, ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్ చేస్తారేమో గానీ రెండు నెలల బియ్యం, అద్దె ఎవరిస్తారు? నాలుగు నెలల ఖర్చు, అంటే 64,000 పక్కన ఉండాలి. వేరే బ్యాంకులో ఖాతా తెరవండి, దానికి ఫోన్‌పే తగిలించొద్దు. అద్దెలో మిగిలే 20,000, తల్లికి వందనం పడితే అదీ నేరుగా అందులోకే. గొలుసు బీరువాలోనే ఉండనివ్వండి, అది ఆఖరి ఆసరా.

బీమా సంగతి ఒక్క ముక్క: ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా, రెండూ ఆయన పేరున ఈ వారమే బ్యాంకులో రాయించండి. ప్రైవేటు బడి ఆలోచన ఇప్పుడొద్దు.

ఆటో అతనితో జూన్ 12కు ముందే మాట్లాడుకోండి. బడులు తెరిచాక రేటు పెంచేస్తారు.