విమానం రెక్కను అసలు వంగకుండా గట్టిగా ఎందుకు కట్టరు?

వంగనంత గట్టిగా కడితే రెక్క బరువు విపరీతంగా పెరుగుతుంది కాబట్టి, ఎంతవరకు వంగినా ప్రమాదం లేదో లెక్కగట్టి అంతకు సరిపడా మెటీరియలే వాడతారు.

ఆ లెక్క కోసం కంప్యూటర్‌లో రెక్కను వేల చిన్న ముక్కలుగా విడగొడతారు. పొడవునా సాగే దూలాలు, అడ్డంగా ఉండే పక్కటెముకలు, పైతొడుగు... ఒక్కో ముక్క మీద ఒత్తిడి ఎంతో చూసి, తక్కువున్న చోట మందం తగ్గిస్తారు, ఎక్కువున్న చోట పెంచుతారు. చిక్కంతా ఇక్కడే. మందం మారితే వంపు మారుతుంది, వంపు మారితే రెక్క మీద గాలి బలమూ మారుతుంది. అందుకే మళ్లీ మొదటి నుంచి లెక్క, ఇక చెప్పుకోదగ్గ బరువు తగ్గని దాకా.

ఒడిశాలోని రాయగడ, గుణుపురం వైపు మనవాళ్లు మోసే కావడి బద్దనే చూడండి. భుజానికి ఆనే చోట మందంగా, కొసలకు పోయేకొద్దీ సన్నంగా చెక్కుతారు. అడుగడుగుకీ కొసలు ఊగుతాయి, బద్ద మాత్రం విరగదు. రెక్క కూడా అంతే. గాలి దాన్ని పైకి నెడుతుంది, ఆ భారమంతా రెక్క విమానం ఒంటికి అతికిన చోట పడుతుంది. అందుకే అక్కడ మందం ఎక్కువ.

కిటికీలోంచి రెక్క ఊగడం చూసి బలహీనంగా ఉందని చాలామంది టెన్షన్ పడతారు. అది పొరపాటు. 2010లో నేల మీద చేసిన పరీక్షలో బోయింగ్ 787 రెక్కలు సుమారు 25 అడుగులు పైకి వంగాయి, విరగలేదు. అప్పుడు వేసిన భారం, సర్వీసులో రావచ్చని అంచనా వేసిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు.